రాత్రిని కొలిచే మొక్క

గంజాయి ఎప్పుడు పూస్తుంది? జర్మనీలో బాల్కనీ తోటమాలికి ఇది పెంపకం ప్రశ్న. వృక్షశాస్త్రానికి నూరేళ్ల నాటి చిక్కుముడి. మన దేశంలో పదేళ్ల జైలుతో ముడిపడ్డ వ్యవహారం. ఎటు నుంచి వెళ్లినా దారి తీసేది ఆ మొక్క చీకటిని లెక్కపెట్టే తీరు దగ్గరికే.

జూలైలో పూయని మొక్క

జర్మనీలో 2024 ఏప్రిల్ 1న కొత్త గంజాయి చట్టం అమల్లోకి వచ్చింది. 18 ఏళ్లు నిండి, ఆ దేశంలో నివాసం ఉంటున్నవాళ్లు ఇంట్లో ఒకేసారి 3 మొక్కల దాకా పెంచుకోవచ్చు. పిల్లలకు అందకుండా చూసుకోవాలి. పండినదంతా సొంతానికే. అమ్మడం సంగతి అటుంచి, పక్కింటివాడికి ఊరికే ఇచ్చినా తప్పే. చట్టం రాగానే, అంతకుముందు కుండీలో పుదీనా కూడా వేసి ఎరగనివాళ్లు సరదాపడి విత్తనాలు తెచ్చుకున్నారు.

ఏప్రిల్ చివర్లోనో మే నెలలోనో వేసిన విత్తనం జూలై గడిచేసరికి మనిషెత్తు పెరుగుతుంది. ఆకు ముదురు పచ్చగా నిగనిగలాడుతుంటుంది. పూత మాత్రం ఉండదు. కొత్తగా పెంచేవాడికి కంగారు మొదలవుతుంది. ఎరువు చాల్లేదేమో, కుండీ ఇరుకైందేమో, విత్తనాల కొట్టువాడు నాసిరకం అంటగట్టాడేమో అని తల పట్టుకుంటాడు. ఎరువు మారుస్తాడు. నీళ్లు పెంచి చూస్తాడు, తగ్గించి చూస్తాడు. మొక్క దేనికీ లొంగదు. ఆగస్టు సగం దాటాక, అతను ఆశ వదులుకుంటున్న వేళకి, కొమ్మల చివర తెల్లటి సన్నని పోగులు తేలతాయి. పూత మొదలైంది.

ఈలోగా జరిగింది ఒక్కటే: రాత్రి పొడుగైంది. జూన్ 21న బెర్లిన్‌లో పగలు దాదాపు 16 గంటల 50 నిమిషాలు. ఆగస్టు నెలాఖరుకు అది 14 గంటల లోపుకు దిగుతుంది. సెప్టెంబరు నాలుగో వారానికి రేయింబవళ్లు సరిసమానం. గంజాయిలో చాలా రకాలకు పగలు 12 నుంచి 14 గంటల మధ్య ఎక్కడో ఒక హద్దు ఉంటుంది. పగలు ఆ హద్దు దాటి ఉన్నంతకాలం మొక్క ఆకూ కొమ్మా వేస్తూ పోతుంది. హద్దు కిందికి జారిందా, పూతకు తిరుగుతుంది. ఎరువూ కుండీ పూత ఎంత దిట్టంగా వస్తుందో తేలుస్తాయి. ఎప్పుడు రావాలో తేల్చేది మాత్రం రాత్రి.

ఇంటి లోపల దీపాల కింద పెంచేవాళ్లు ఈ లెక్కను టైమర్‌కు అప్పగిస్తారు. రోజుకు 18 గంటలు వెలుతురు ఇచ్చినన్నాళ్లు మొక్క పెరుగుతూనే ఉంటుంది. 12 గంటల వెలుతురు, 12 గంటల చీకటికి మారిస్తే ఒకటి రెండు వారాల్లో పూత కనబడుతుంది. అది ముదరడానికి రకాన్ని బట్టి మరో 8 నుంచి 10 వారాలు. ఆ చీకటి కూడా నిఖార్సైన చీకటై ఉండాలి. వీధి దీపం నేరుగా ఆకుల మీద పడే బాల్కనీలో మొక్కకు రాత్రి రాత్రిలా అనిపించదు. పూత వెనకబడుతుంది. సగం పూతలో ఉండగా చీకటి చెదిరితే ఆడ మొక్క మీదే మగ పూలు కూడా పుట్టుకొచ్చే ప్రమాదం ఉంది.

గంజాయి దగ్గరే దొరికిన తొలి ఆనవాలు

మొక్కలు రేయింబవళ్లను కొలుస్తాయన్న సంగతిని శాస్త్రవేత్తలు మొదట పసిగట్టిన మొక్కల్లో గంజాయి ఒకటి. 20వ శతాబ్దం మొదట్లో జూలియెన్ టూర్న్వా అనే ఫ్రెంచి వృక్షశాస్త్రజ్ఞుడు గంజాయి, హాప్స్ మొక్కల మీద పనిచేస్తుండేవాడు. ఈ రెండూ ఒకే కుటుంబానికి చెందినవి. బీరుకు చేదు రుచి తెచ్చేది హాప్స్ పూలే. చలికాలంలో గాజుగదిలో వేసిన విత్తనాలు విచిత్రంగా ప్రవర్తించాయి. మొలిచి నాలుగాకులైనా తొడగకముందే పూతకొచ్చేశాయి. టూర్న్వా వెచ్చదనం మార్చి చూశాడు, తేమ మార్చి చూశాడు. చివరికి వెలుతురు గంటల దగ్గర ఆగాడు. 1912లో ఆ విషయం రాశాడు. మరో రెండేళ్లకు ఇంకో అడుగు ముందుకేసి, పగలు తగ్గడం కన్నా రాత్రి పెరగడమే అసలు కారణం కావచ్చన్నాడు. ఆ మాటను తేల్చుకునే వ్యవధి అతనికి దక్కలేదు. మొదటి ప్రపంచ యుద్ధం పొట్టనపెట్టుకుంది.

తర్వాతి అంకం అమెరికాలో, పొగాకు చేలో నడిచింది. మేరీలాండ్ మామత్ అనే పొగాకు రకం ఎండాకాలమంతా పెరుగుతూ పోయేది తప్ప పూసేది కాదు. పూయకపోతే విత్తనం లేదు, విత్తనం లేకపోతే రకం నిలవదు. అదే మొక్కను చలికాలంలో గాజుగదిలో పెడితే చక్కగా పూసేది. అమెరికా వ్యవసాయశాఖకు చెందిన గార్నర్, అలార్డ్ ఈ ముడి విప్పడానికి కూర్చున్నారు. వర్జీనియాలోని ఆర్లింగ్టన్ క్షేత్రంలో వెలుతురు చొరని చిన్న కొట్టం కట్టించారు. 1918 జూలైలో పొగాకు, సోయా చిక్కుడు కుండీలను రోజూ సాయంత్రం 4 గంటలకు అందులో పెట్టి, మర్నాడు ఉదయం 9 గంటలకు బయటికి తీసేవారు. నడివేసవిలో మొక్కలకు చలికాలపు రాత్రి చూపించారన్నమాట. కొట్టంలో పెట్టినవి పూశాయి. బయట వదిలేసినవి ఆకులు వేస్తూ ఉండిపోయాయి. 1920లో వెలువడిన వాళ్ల పరిశోధన పత్రంతో ఈ శాస్త్రానికి పునాది పడింది. చిన్న పగళ్లకు పూసేవి, పెద్ద పగళ్లకు పూసేవి, పగటితో నిమిత్తం లేనివి అని మొక్కలను విడదీసి చెప్పడం అక్కణ్నుంచే మొదలైంది.

టూర్న్వా అనుమానాన్ని 1938లో హామ్నర్, బానర్ రుజువు చేశారు. వాళ్లు ఎంచుకున్నది మనం పొలం గట్ల మీద చూసే మరులమాతంగిని. నడిచి వెళ్తే పంచెకు ముళ్లకాయలు అంటించే మొక్క అది. ఎనిమిదిన్నర గంటలకు మించిన రాత్రి ఒక్కటి దొరికినా చాలు, మరులమాతంగి పూతకు సిద్ధపడుతుంది. ఆ రాత్రి నడుమ కాసేపు దీపం వెలిగిస్తే పూత ఆగిపోతుంది. పట్టపగలు కాసేపు చీకటి చేస్తే మాత్రం ఏమీ కాదు. మొక్క కొలిచేది పగటిని కాదు, తెరిపి లేని చీకటిని అని అప్పుడు తేలింది.

చీకటిని గుర్తించేది ఏది? 1950లలో బోర్త్‌విక్, హెండ్రిక్స్ బృందం అమెరికాలోని బెల్ట్స్‌విల్‌లో ఫైటోక్రోమ్ అనే వర్ణకాన్ని పట్టుకుంది. ఎర్రటి కాంతి తగిలితే అది ఒక రూపంలోకి, కంటికి ఆనని దూర ఎరుపు కాంతి తగిలితే మరో రూపంలోకి మారుతుంది. వెలుతురు ఉందో లేదో అది చెబితే, కణాల్లోని అంతర్గత గడియారం గంటలు లెక్కపెడుతుంది. ఈ లెక్క నడిచేది ఆకులో. పువ్వు పుట్టేది కొమ్మ కొసన. ఆకు నుంచి కొసకు కబురు మోసే పదార్థం ఒకటి ఉండాలని సోవియట్ శాస్త్రవేత్త మిఖాయిల్ చైలాఖ్యాన్ 1930లలోనే చామంతి మీద ప్రయోగాలు చేసి చెప్పాడు. దానికి ఫ్లోరిజెన్ అని పేరు కూడా పెట్టాడు. ఆ కబురు ఒక చిన్న ప్రొటీన్ అని తేలడానికి 2007 దాకా ఆగాల్సి వచ్చింది. అది కూడా వరిలోనూ, అరబిడోప్సిస్ అనే చిన్న కలుపు మొక్కలోనూ.

మన చేలలోనూ ఇదే లెక్క

ఇదంతా ఎక్కడో ప్రయోగశాలల గొడవ అనుకోనక్కర్లేదు. కుప్పం, హోసూరు, చిక్కబళ్లాపురం వైపు రాత్రి బస్సులో వెళ్తే చేల మధ్య బల్బుల వరసలు కనబడతాయి. అవి చామంతి తోటలు. చామంతి కూడా పొడుగు రాత్రులకే పూస్తుంది. కాడ సత్తువగా ఎదగకముందే పూతకొస్తే పువ్వు చిన్నదై ధర పలకదు. అందుకని రైతులు నడిరేయి కొన్ని గంటలు బల్బులు వేసి రాత్రిని రెండు ముక్కలు చేస్తారు. మొక్క కావలసినంత ఎదిగాక దీపాలు తీసేస్తారు. పండక్కి పూలు మార్కెట్‌కు చేరేలా పూతను వెనక్కీ ముందుకూ జరపగలుగుతారు.

కంది వేసే రైతుకు ఇది పుస్తకం చెప్పక్కర్లేదు. జూన్‌లో వేసిన కంది తల మునిగేంత పెరిగి చలికాలం వచ్చేదాకా పూతకు ఆగుతుంది. అదే కందిని రబీలో, సెప్టెంబరు చివర్లో వేస్తే నడుమెత్తులోనే పూతకొచ్చేస్తుంది. అప్పటికే రాత్రి పెద్దదై ఉంటుంది మరి. అందుకే రబీ కందికి సాళ్లు దగ్గర చేస్తారు. పాతకాలపు సార్వా వరి రకాలు చాలావరకు ఇంతే. నాట్లు ముందూ వెనకా అయినా ఈనిక మాత్రం దాదాపు ఒకేసారి. 1960లలో వచ్చిన పొట్టి వంగడాలు ఈ కట్టు తెంచుకున్నాయి. అవి రోజుల లెక్కన పండుతాయి కాబట్టే దాళ్వాలోనూ వేయగలిగాం.

గోగు సంగతి మరీ ఆసక్తికరం. ఆకు చీలికలు గంజాయి ఆకును తలపిస్తాయనే దాని శాస్త్రీయ నామంలో కన్నబైనస్ అని చేర్చారు. భీమునిపట్నం రేవు నుంచి ఓడలకెక్కి, బిమ్లీ జనపనార పేరుతో విదేశాల్లో అమ్ముడుపోయింది ఈ గోగు నారే. అదీ రాత్రి పెరిగితేనే పూస్తుంది. పోలిక అంతటితో సరి. గోగులో మత్తు లేదు, గంజాయితో చుట్టరికమూ లేదు. అది బెండ, పత్తి కుటుంబానిది.

గణుపు దగ్గర చూడాలి

గంజాయి పూలలో రంగు రేకులుండవు, తుమ్మెదలను పిలిచే తేనె ఉండదు. పుప్పొడిని మోసేది గాలే. తాటి చెట్టులా, బొప్పాయిలా ఇందులోనూ ఆడ మొక్క వేరు, పోతు మొక్క వేరు. ఏది ఏదో ముందుగా తెలిసేది గణుపు దగ్గర. కాండానికి ఆకు కాడ అతుక్కున్న మూలలో భూతద్దంతో చూస్తే పోతు మొక్కలో చిన్న కాడకు వేలాడే గుండ్రని పచ్చ మొగ్గ కనిపిస్తుంది. ఆడ మొక్కలో అడుగున ఉబ్బి పైకి సన్నబడిన పచ్చటి తొడుగు, దాని మూతి నుంచి రెండు తెల్లటి పోగులు ఇటొకటి అటొకటి చాచుకుని ఉంటాయి. గాలిలో తేలివచ్చే పుప్పొడిని పట్టుకునే కీలాగ్రాలు అవే.

ఇక్కడే ఒక మెలిక ఉంది. రాత్రి పెరిగాకే గంజాయి పూస్తుందన్న మాట పూర్తిగా నిజం కాదు. పెద్ద పగళ్లలో కూడా, కొంత వయసు వచ్చాక, గణుపుల దగ్గర ఒంటరి పూలు పుడుతూనే ఉంటాయని ఇజ్రాయెల్ పరిశోధకులు 2019లో చూపించారు. అంటే పూయడం దానికి ఎప్పుడో తెలుసు. పొడుగు రాత్రులు వచ్చాక మారేది కొమ్మ కట్టడం. గణుపుల మధ్య దూరం తగ్గుతుంది, కొమ్మలోంచి కొమ్మ చీలుతుంది, ఒంటరి పూలు కాస్తా గుత్తులై, గుత్తులు కంకులై బిగుసుకుంటాయి. జనం పూత అని పిలిచేది ఈ కంకినే. బాల్కనీలో పెంచేవాడు జూలైలో గణుపు దగ్గర రెండు పోగులు చూసి పూతొచ్చేసిందని సంబరపడితే తొందరపడ్డట్టే. అది ఆడ మొక్క అని మాత్రమే దాని అర్థం.

పోతు మొక్క సాధారణంగా ముందు పూసి, పుప్పొడి రాల్చి, ఎండిపోతుంది. పుప్పొడి అందిన ఆడ పువ్వు విత్తనం కట్టే పనిలో పడుతుంది. అందనిది ఎదురుచూస్తూ ఇంకా ఇంకా పూలు వేస్తుంది. ఆ పూల తొడుగుల మీద, పక్కనున్న చిట్టి ఆకుల మీద పుట్టగొడుగు ఆకారంలో సూక్ష్మమైన గ్రంథులు లేస్తాయి. ఒక్కోదాని తల మీద జిగురు బొట్టు. మత్తుకు మూలమైన పదార్థం ఆ బొట్టులోనే తయారవుతుంది. మొక్కలో ఉన్నప్పుడు అది ఆమ్ల రూపంలో ఉండి మత్తెక్కించదు. వేడి తగిలితేనే టీహెచ్‌సీగా మారుతుంది. 1964లో ఇజ్రాయెల్‌లో గావోనీ, మెకూలం దాన్ని వేరుచేసి నిర్మాణం తేల్చారు. పూత ముదిరేకొద్దీ గాజులా మెరిసే బొట్లు పాలరంగుకు, ఆపైన తేనె రంగుకు తిరుగుతాయి. తెల్లటి పోగులు ముడుచుకుని గోధుమ రంగుకొస్తాయి.

అన్ని రకాలూ రాత్రి కోసం కాచుకుని ఉండవు. వేసవి రెండు మూడు నెలలే ఉండే చలిదేశాల్లో ఆగస్టు దాకా ఆగే మొక్క విత్తనం కట్టకముందే మంచుకు చచ్చిపోతుంది. అక్కడ బతికి బట్టకట్టింది వయసును బట్టి పూసే రకం. రష్యా శాస్త్రవేత్త యానిషెవ్‌స్కీ 1924లో దీన్ని వేరే జాతిగా గుర్తించి రుడరాలిస్ అన్నాడు. నేడు ఆటోఫ్లవర్ పేరుతో యూరప్ మార్కెట్‌లో అమ్మే విత్తనాల్లో ఈ లక్షణమే ఉంది. టైమర్‌తో పని లేకుండా, మొలిచిన నెల అటూ ఇటూగా పూతకొస్తాయి.

పోతు మొక్కల మీద కన్నేసిన పొద్దార్లు

పుప్పొడి అందకుండా చూస్తే జిగురు పెరుగుతుందన్న సంగతి మన ఉపఖండపు రైతులకు ఎప్పటి నుంచో తెలుసు. 19వ శతాబ్దంలో బెంగాల్‌లోని నౌగావ్ గంజాయి సాగుకు పేరుమోసిన చోటు. ఇప్పుడది బంగ్లాదేశ్‌లో ఉంది. అక్కడ పొద్దార్ అని పిలిచే నిపుణులు ఉండేవారు. పూత తొలిదశలో వాళ్లు చేనంతా సాలు సాలుగా తిరిగి, మొగ్గను బట్టి పోతు మొక్కలను పట్టి పీకించేవారు. ఒక్క మొక్క కన్నుగప్పినా చుట్టుపక్కల పంటంతా విత్తనం పట్టి ధర పడిపోతుంది. అందుకని ఒక్క చుట్టుతో ఊరుకునేవారు కాదు. మళ్లీ మళ్లీ వచ్చి, ఆడ మొక్కల మీద లేచే మగ పూలను కూడా ఏరించేవారు. భూతద్దం లేదు, ప్రయోగశాల లేదు. గణుపు దగ్గర ఆవగింజంత మొగ్గను చూసి చెప్పగల చూపే వాళ్ల జీవనాధారం.

కలకత్తా బొటానికల్ గార్డెన్‌లో పనిచేసిన డేవిడ్ ప్రెయిన్ 1893లో ఈ సాగు మీద ప్రత్యేకంగా ఒక నివేదిక రాశాడు. ఆ ఏడాదే బ్రిటిష్ ప్రభుత్వం ఇండియన్ హెంప్ డ్రగ్స్ కమిషన్‌ను వేసింది. కమిషన్ దేశమంతా తిరిగి, వెయ్యిమందికి పైగా సాక్షులను విచారించి, ఏడు సంపుటాల నివేదిక ఇచ్చింది. పూర్తి నిషేధం అక్కర్లేదని, పన్ను వేసి లైసెన్సులతో అదుపు చేయాలని అందులో తేల్చింది. ఈ లెక్కల్లో తెలుగు నేల కూడా ఉంది. అప్పట్లో కృష్ణా జిల్లాలో భాగమైన బాపట్ల తాలూకాలో సర్కారు అజమాయిషీ కింద గంజాయి పండేది.

చట్టం పట్టుకున్నదీ పువ్వునే

కమిషన్ నాటి లైసెన్సుల కాలం పోయింది. 1961 నాటి ఐక్యరాజ్యసమితి ఒప్పందం గంజాయిని అంతర్జాతీయ అదుపులోకి తెచ్చింది. ఆ ఒప్పందం నిర్వచనం కూడా పూసిన, కాసిన కొసలనే గంజాయి అంది. కొసలు లేని ఉత్త ఆకును, విత్తనాన్ని బయట ఉంచింది. మన 1985 నాటి మాదకద్రవ్యాల (ఎన్‌డీపీఎస్) చట్టం అదే దారి పట్టింది. వారణాసిలో ప్రభుత్వ అనుమతి ఉన్న దుకాణంలో ఆకుతో చేసే భంగు దొరకడానికి, హైదరాబాద్‌లో పూకంకి జేబులో ఉన్నవాడు అరెస్టు కావడానికి మూలం ఈ తేడాలో ఉంది.

పెంచడం దగ్గరకొస్తే ఈ మినహాయింపు అక్కరకు రాదు. పూసిందా లేదా, ఆడదా మగదా అని చూడకుండా మొక్కను సాగు చేయడాన్నే చట్టం నిషేధించింది. సెక్షన్ 20 ప్రకారం పదేళ్ల దాకా కఠిన కారాగారం, లక్ష రూపాయల దాకా జరిమానా. ఇన్ని మొక్కల లోపు పరవాలేదన్న మాట ఎక్కడా లేదు. మేడ మీద కుండీలో ఒక్క మొక్క ఉన్నా అది సాగే. ముచ్చటకి పెంచాను, ఆకు అందంగా ఉందని ఉంచాను అంటే వినేవారుండరు. నార, విత్తనాల కోసం ప్రభుత్వ అనుమతితో వేసుకునే వీలు మాత్రం చట్టంలో ఉంది. ఉత్తరాఖండ్ 2018లో ఆ దారి తెరిచింది, టీహెచ్‌సీ 0.3 శాతానికి మించకూడదని షరతు.

విదేశాల్లో ఉన్న మనవాళ్లకు చిక్కు ఇంకో రకంగా వస్తుంది. అమెరికాలో చాలా రాష్ట్రాలు గంజాయిని అనుమతించినా ఫెడరల్ చట్టం అనుమతించలేదు. వీసాలు, గ్రీన్‌కార్డులు, పౌరసత్వం చూసేది ఫెడరల్ ప్రభుత్వం. రాష్ట్ర చట్టం ఒప్పుకున్న పనైనా సరే, గంజాయితో సంబంధం ఉంటే పౌరసత్వ దరఖాస్తుకు అడ్డు రావచ్చని అక్కడి ఇమిగ్రేషన్ శాఖ 2019లో స్పష్టం చేసింది. జర్మనీలో చదువుకునే విద్యార్థి అక్కడి చట్టం ప్రకారం పెంచుకున్నదాంట్లో చిటికెడు సెలవులకు ఇంటికి తెచ్చినా ఇక్కడ మాదకద్రవ్యాల దిగుమతి కేసే.

థాయిలాండ్ కథ ఇంకా తాజాది. 2022 జూన్‌లో ఆ దేశం గంజాయిని మాదకద్రవ్యాల జాబితా నుంచి తీసేసింది. వీధి వీధికీ దుకాణాలు లేచాయి. 2025 జూన్‌లో మళ్లీ బిగించి, వైద్యుడి చీటీ ఉంటేనే అమ్మాలంది. ఆ ఉత్తర్వు ప్రత్యేకంగా పట్టుకున్నదీ పూగుత్తినే. శంషాబాద్ విమానాశ్రయంలో బ్యాంకాక్ ప్రయాణికుల పెట్టెల్లో పట్టుబడుతున్నట్టు వార్తల్లో వచ్చే హైడ్రోపోనిక్ గంజాయి దీపాల కింద, మట్టి లేకుండా, కృత్రిమ రాత్రులతో పూయించిన కంకి తప్ప వేరే మాయ కాదు. ఒకే తీరు వెలుతురు, ఒకే తీరు చీకటి, పోతు మొక్క ఊసే లేని గది. అందుకే దాంట్లో మత్తు పాలు ఎక్కువ, దాంతోపాటే ప్రమాదమూ ఎక్కువ. మెదడు ఇంకా ఎదుగుతున్న వయసులో దీని జోలికి పోతే జ్ఞాపకశక్తి, చదువు దెబ్బతింటాయని, కొందరిలో మతిభ్రమణానికి దారి తీస్తుందని మానసిక వైద్యులు హెచ్చరిస్తున్నారు.

ఎక్కడ ఎన్ని మొక్కలు?

ఉరుగ్వే: 2013లో చట్టబద్ధం చేసిన తొలి దేశం. పేరు నమోదు చేసుకుంటే ఇంటికి 6 మొక్కలు.

కెనడా: 2018 అక్టోబరు 17 నుంచి ఇంటికి 4 మొక్కలు. క్యుబెక్ రాష్ట్రం ఇంటి పెంపకాన్ని నిషేధించింది. 2023లో ఆ దేశ సుప్రీంకోర్టు ఆ నిషేధాన్ని సమర్థించింది.

మాల్టా: 2021 డిసెంబరు నుంచి ఇంటికి 4 మొక్కలు.

జర్మనీ: 2024 ఏప్రిల్ 1 నుంచి వయోజనులకు తలా 3 మొక్కలు. ఇంట్లో 50 గ్రాములు, బయట 25 గ్రాములు మించకూడదు.

భారతదేశం: సొంత వాడకానికి ఒక్క మొక్క కూడా పనికిరాదు.

సాయం కావాలంటే: మత్తు మానాలనుకునేవారికి జాతీయ టోల్‌ఫ్రీ నంబరు 14446. ఆంధ్రప్రదేశ్‌లో గంజాయి సమాచారం ఇవ్వడానికి మాదకద్రవ్యాల నిరోధక ఈగల్ విభాగం నంబరు 1972.

కొండ మీది లెక్క

బెర్లిన్‌లో వేసవి పగలు 17 గంటలకు దగ్గరపడితే, అల్లూరి సీతారామరాజు జిల్లా కొండల్లో అత్యంత పొడుగు పగలు కూడా 13 గంటల పావుకు మించదు. జర్మనీ రకాన్ని తెచ్చి ఇక్కడ వేస్తే జానెడు పెరగకముందే పూతకొచ్చేస్తుంది. ఉష్ణమండలపు నాటు రకాలు అందుకు తగ్గట్టు మలుచుకున్నాయి. వాటి హద్దు ఇంకా కింద ఉంటుంది. వానల్లో వేస్తే ఏపుగా పెరిగి, రాత్రులు బాగా పెరిగాక తీరిగ్గా పూసి, చలికాలంలో కోతకొస్తాయి. శీలావతి పేరుతో దేశమంతా అమ్ముడుపోయిన సరుకు ఇలా పండిందే.

మొక్కకు పంచాంగం ఉంటే పోలీసుకూ ఉంటుంది. 2021 అక్టోబరు చివర్లో ఆంధ్రప్రదేశ్ పోలీసులు ఆపరేషన్ పరివర్తన మొదలుపెట్టింది సరిగ్గా పూత కాలంలోనే. కొండవాలుల్లో వేల ఎకరాల తోటలు నరికేశారు. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర కోడూరులో దాదాపు రెండు లక్షల కిలోల గంజాయిని గుట్టలుగా పోసి తగలబెట్టారు. ఇప్పుడు డ్రోన్లు, ఉపగ్రహ చిత్రాలు కూడా తోడయ్యాయి. పట్టుబడేవాళ్లలో పెట్టుబడి పెట్టిన వ్యాపారి కన్నా మూట మోసిన కూలి, తోట కాసిన గిరిజనుడే ఎక్కువగా కనబడతాడు. విత్తనం, అడ్వాన్సు మైదానం నుంచే వస్తాయి. సరుకు కొనేవాడు ఊరి దాకా వస్తాడు. మోసుకుపోయే బాధ్యత కూడా వాడిదే. ఆ కొండల్లో ఏ మంచి పంటకూ ఇంత సదుపాయం దొరకలేదు.

కాఫీ, మిరియాలు, పసుపు, రాజ్మా, సిల్వర్ ఓక్ మొక్కలు పంచడం అందుకు విరుగుడుగా మొదలైంది. కాఫీకి దాని లెక్క దానికుంది. మొగ్గ తొడిగి, ఎండకు ఓర్చి, వేసవి మొదట్లో ఒక మంచి వాన పడ్డాక పదిరోజుల్లో కొండంతా ఒకేసారి పూస్తుంది. అయితే మొక్క నాటిన మూడు నాలుగేళ్లకు గానీ చేతికి కాపు రాదు. గంజాయి ఆర్నెల్లలో రొక్కం ఇస్తుంది. ఈ మధ్యలోని మూడు నాలుగేళ్లు ఇల్లు గడవడం ఎలా అన్నదే గిరిజన రైతు అడిగే ప్రశ్న. దానికి జవాబు వృక్షశాస్త్రంలో లేదు, శిక్షాస్మృతిలోనూ లేదు. ఆ మూడు నాలుగేళ్లపాటు చేతికి ఏదో ఒక ఆదాయం చూపించాలి. పండిన కాఫీని, పసుపును సంత దాకా దింపడానికి రోడ్డుండాలి. దళారి చెప్పిన ధరకు తలొంచకుండా అమ్ముకునే చోటుండాలి. గంజాయి పూతను ఆపడానికి నడిరేయి కాసింత వెలుతురు సరిపోతుంది. దాని సాగును ఆపాలంటే మాత్రం పక్క పంట కూడా గిట్టుబాటు కావాలి.